తిరిగి వచ్చిన దాత కార్డులు: ఒక కేస్ స్టడీ

బ్లడ్ బ్యాంకుల్లో మా ధ్యాసంతా కొత్త దాతల మీదే ఉంటుంది. సూది భయం ఎలా పోగొట్టాలి, కళ్ళు తిరిగితే ఏం చేయాలి, ఆరోగ్య ప్రశ్నలకి నిజం చెప్పేలా ఎలా అడగాలి... మాకిచ్చే శిక్షణ కూడా వీటి చుట్టూనే. ఏళ్ళ తరబడి ఇస్తూ వచ్చిన మనిషి ఉన్నట్టుండి మానేస్తే, ఎందుకు మానేశారని అడిగేవాళ్ళం తక్కువ. కంప్యూటర్‌లో ఆయన పేరు పక్కన ‘ఇనాక్టివ్’ అని పడుతుంది, మేం ముందుకి వెళ్ళిపోతాం. ఈ కేసు అలా పోవలసిన ఒక దాతది. కౌన్సెలర్‌గా నేను చూసినవాటిలో, ఏమీ ఆశించకుండా ఇవ్వడం మీద నన్ను బాగా ఆలోచింపజేసిన కేసు ఇదే. ఆయన అనుమతితో, ఆనవాళ్ళు తెలియకుండా వివరాలు మార్చి రాస్తున్నాను.

దాత నేపథ్యం

వయసు 47. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టారు. గ్రూపు బి పాజిటివ్. డిగ్రీలో ఉండగా కాలేజీ క్యాంపులో మొదటిసారి రక్తం ఇచ్చారు. ఆ తర్వాత చాలాకాలం అప్పుడప్పుడు, ఈ మధ్య పదేళ్ళుగా ఏడాదికి మూడుసార్లు, కొన్నేళ్ళు నాలుగుసార్లు కూడా. మన నిబంధనల ప్రకారం మగవాళ్ళు 90 రోజులకొకసారి, ఆడవాళ్ళు 120 రోజులకొకసారి ఇవ్వవచ్చు. ఆయన ఆ 90 రోజుల లెక్కని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని మరీ వచ్చేవారు. ఎక్కడికి బదిలీ అయితే అక్కడి బడిలో క్యాంపు పెట్టించేవారు. ఏ పరీక్షలోనూ ఎప్పుడూ తేడా రాలేదు.

అలాంటి దాత విలువ బయటివాళ్ళకి అంతగా తెలియదు. ప్రతి బ్యాగునీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియాలకి పరీక్షిస్తాం. కానీ ఇన్ఫెక్షన్ సోకిన తొలి రోజుల్లో ఏ పరీక్షకీ దొరకని వ్యవధి కొంత ఉంటుంది. ఆ వ్యవధిలో రోగిని కాపాడేది దాత నిజాయితీ ఒక్కటే. ఎవరి బలవంతమూ లేకుండా, తనంతట తాను మళ్ళీమళ్ళీ వచ్చే మనిషికి దాచవలసిన అవసరం ఉండదు. ఈ వారం వద్దని తనకి అనిపిస్తే తనే ఆగిపోతాడు. డబ్బు కోసం వచ్చినవాడూ, బంధువుల ఒత్తిడికి వచ్చినవాడూ ఆగలేరు. డబ్బు ఆశించని స్వచ్ఛంద దాతల మీదే రక్త సరఫరా నిలబడాలని ప్రపంచ ఆరోగ్య మహాసభ 1975లోనే తీర్మానించింది. ఆ తీర్మానానికి నీతితో పాటు రోగి భద్రత కూడా కారణమే.

ఏం జరిగింది

మాస్టారి అమ్మగారు, 72 ఏళ్ళావిడ, పక్క జిల్లాలో కూతురింట్లో ఉండగా స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. ఆపరేషన్‌కి రెండు యూనిట్ల ప్యాక్డ్ సెల్స్ (రక్తంలోంచి విడదీసిన ఎర్రకణాలు) సిద్ధం చేయాలన్నారు. వాళ్ళ బ్లడ్ బ్యాంకులో ఆవిడ గ్రూపు స్టాకు ఉంది. ఉన్నా, ‘ఇద్దరు డోనర్లని తెస్తేనే’ అన్నారు. మన ఊళ్ళలో రీప్లేస్‌మెంట్ అని పిలిచే పద్ధతి ఇదే.

మాస్టారు అంతకు ఆరు వారాల ముందే తన బడి క్యాంపులో ఇచ్చి ఉన్నారు. మళ్ళీ ఇవ్వడానికి వీల్లేదు. ఆయన ఇంటికి మనిషిని పంపి, దాత కార్డులన్నీ దాచుకున్న ప్లాస్టిక్ ఫోల్డర్ తెప్పించారు. అందులో నలభైకి పైగా కార్డులు, వేర్వేరు సంస్థలవి. కొన్ని పాత కార్డుల వెనక, ఈ కార్డు చూపితే ఏడాదిలోపు అవసరానికి ఒక యూనిట్ ఇస్తామన్న హామీ అచ్చయి ఉంది. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి వాటిని ఓసారి తిరగేసి, ఇవి ఇక్కడ చెల్లవు అన్నాడట. చుట్టూ బంధువులున్నారు. బావగారు బీపీ ఉందన్నారు. ఇద్దరు మేనల్లుళ్ళలో ఒకడికి పరీక్షలు, ఇంకొకడు ఫోనే ఎత్తలేదు. చివరికి మాస్టారి దగ్గర ఎప్పుడో చదువుకున్న ఒక కుర్రాడు, వాడి స్నేహితుడు వచ్చి ఇచ్చి వెళ్ళారు. ఆపరేషన్ సవ్యంగానే జరిగింది.

మూడు నెలల తర్వాత, ఎప్పటిలాగే గుర్తు చేయడానికి మా వాలంటీర్ ఫోన్ చేస్తే, “నా పేరు కొట్టేయండి. క్యాంపు కూడా మా బడిలో వద్దు” అని పెట్టేశారు. ఆ అమ్మాయి భయపడి నాకు చెప్పింది. నేను ఫోన్ చేసి రక్తం మాట ఎత్తలేదు. అమ్మగారికి ఎలా ఉందని అడిగి, ఇటు వచ్చినప్పుడు ఓసారి కలవమన్నాను. కార్డులు తిరిగి ఇచ్చేయడానికి వస్తానన్నారు.

అంచనా

ఫోల్డర్ నా టేబుల్ మీద పెట్టారు. “ఇవి మీరే ఉంచుకోండమ్మా. వీటి విలువెంతో మొన్న తెలిసింది నాకు.”

మా పనిలో నేను గట్టిగా పాటించే నియమం ఒకటుంది. గాయపడి వచ్చిన దాతని అదే గదిలో మళ్ళీ దాతగా మార్చే ప్రయత్నం చేయను. ఆ కోరిక కనిపించిందంటే ఆయన చెప్పడం ఆపేస్తారు. అందుకని విన్నాను. కౌంటర్ కుర్రాడి మాట తీరు, బావగారి ముఖం, ఇన్నాళ్ళూ ఊరికి ఉపకారాలు చేస్తూ తిరిగావు ఏం మిగిలిందని అడిగిన ఒక పెదనాన్నగారు... అన్నీ చెప్పుకొచ్చారు. చాలాసేపటికి, కిందకి చూస్తూ ఒక మాటన్నారు: “మా అమ్మకి తప్ప ఊళ్ళో అందరికీ ఇచ్చాను మేడం.”

అంతవరకు చెప్పినదంతా కోపం. ఈ ఒక్క మాట మాత్రం దుఃఖం. నా అంచనాలో ఈ కేసులో మూడు విషయాలు పెనవేసుకుని ఉన్నాయి. నలుగురిలో జరిగిన అవమానం ఒకటి. అమ్మకి అవసరమైనప్పుడు తన చేయి ఖాళీగా ఉందన్న బాధ రెండోది. మూడోది, కార్డు మీద అచ్చయిన హామీ. మొదటి రెండూ మనిషివి. మూడోది వ్యవస్థ ఆయనలో నాటింది. ఈ మనిషి ఏదో ఆశించి ఇవ్వడం మొదలుపెట్టలేదు. పద్ధెనిమిదేళ్ళ వయసులో, స్నేహితుడి పక్కన బెడ్ ఖాళీగా ఉందని పడుకుని ఇచ్చాడు. ఆ తర్వాత ఎవరో, రక్తం ఇస్తే రక్తం వస్తుందని ఆయన చేతిలో రాసి పెట్టారు. ఒక్కో కార్డూ బ్యాంకులో వేసిన డిపాజిట్ రసీదులా మారింది. అక్కరకొచ్చిన రోజున బ్యాంకు కాదంది. డబ్బు పోగొట్టుకున్నవాడికి ఎంత కడుపు మండుతుందో ఆయనకీ అంతే మండింది. అది స్వార్థం అనుకుంటే మనం ఆయన్ని పూర్తిగా అపార్థం చేసుకున్నట్టే.

సెషన్లు

మొదట దుఃఖం సంగతి చూశాను. ఇక్కడ వైద్యపరమైన ఒక నిజం నాకు చాలా సాయపడింది. కొడుకు రక్తాన్ని తల్లికి నేరుగా ఎక్కించడం మంచిది కాదు. దగ్గరి రక్తసంబంధీకుల రక్తంలోని తెల్లకణాలు కొన్నిసార్లు రోగి శరీరానికి పరాయివిగా కనిపించవు. శరీరం వాటిని తరిమేయదు. అవి అక్కడే పెరిగి, రోగి చర్మం, కాలేయం, పేగులు, ఎముక మజ్జల మీద దాడి చేస్తాయి. చాలా అరుదు, కానీ వస్తే దాదాపు ప్రాణాంతకం. తప్పనిసరై బంధువుల రక్తమే వాడాల్సి వస్తే ముందు దానికి రేడియేషన్ ఇవ్వాలి. అమ్మకి తన రక్తం ఇవ్వలేకపోవడం ద్రోహమని మాస్టారు అనుకుంటున్నారు. వైద్యం మాత్రం ముక్కూ ముఖం తెలియని మనిషి రక్తమే మీ అమ్మకి క్షేమం అంటోంది. ఇది చెప్పినప్పుడు ఆయన రెండుసార్లు చెప్పించుకుని విన్నారు. ఓదార్పు మాటలకంటే ఈ సమాచారం ఆయన్ని ఎక్కువ తేలికపరిచింది. లెక్కల మనిషికి కారణం తెలియాలి.

తర్వాత వచ్చినప్పుడు ఒక ప్రశ్న అడిగాను. “అమ్మగారికి ఎక్కించిన రక్తం ఎవరిది మాస్టారూ?”

“మావాడిదీ, వాడి ఫ్రెండుదీ.”

కాదు. రక్తం తీసిన వెంటనే ఎక్కించరు. ఐదు పరీక్షలూ కావాలి, భాగాలుగా విడదీయాలి, రోగి రక్తంతో సరిపడుతుందో లేదో చూసే క్రాస్ మ్యాచ్ చేయాలి. ఎర్రకణాలని 2 నుంచి 6 డిగ్రీల చలిలో, కలిపిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు నిల్వ ఉంచవచ్చు. ఆ రోజు థియేటర్‌కి వెళ్ళిన రెండు బ్యాగులూ స్టాకులోవి. అంటే అమ్మగారు జారిపడక ముందే, బహుశా కొన్ని వారాల ముందే, ఇద్దరు మనుషులు ఎక్కడో పడుకుని ఇచ్చినవి. ఆవిడ ఎవరో వాళ్ళకి తెలియదు. అసలు అప్పటికి ఆవిడకి ఏ అవసరమూ లేదు. ఆ కుర్రాళ్ళిద్దరూ ఇచ్చింది ఆ తర్వాత స్టాకులోకి చేరి ఇంకెవరికో వెళ్ళింది.

మాస్టారు వెంటనే మెత్తబడలేదు. సూటిగా అడిగారు: “మరైతే నన్నెందుకు పట్టుకున్నారు? బ్యాగులు అప్పటికే ఉన్నాయిగా?”

ఆయన అడిగింది ముమ్మాటికీ న్యాయం, ఆ మాట ఆయనకి చెప్పాను కూడా. మన దేశంలో ఒకప్పుడు రక్తం అమ్ముకుని బతికేవాళ్ళుండేవారు. సుప్రీంకోర్టు 1996 జనవరి 4న ఇచ్చిన తీర్పులో రెండేళ్ళలోగా ఆ పద్ధతిని పూర్తిగా ఆపమంది. 1998 జనవరి 1 నుంచి డబ్బుకి రక్తం ఇవ్వడం నిషిద్ధం. ఆ ఖాళీని స్వచ్ఛంద దాతలతో నింపాలన్నది ఉద్దేశం. చాలాచోట్ల రీప్లేస్‌మెంట్‌తో నింపారు. 2002 జాతీయ రక్త విధానం దాన్ని క్రమంగా తీసేయాలని రాసుకుంది. ఇంకా పోలేదు. ఆపరేషన్ ముందురోజు రాత్రి డోనర్ల కోసం బంధువులకి ఫోన్లు చేస్తున్న కుటుంబాలని ఇప్పటికీ ఏ పెద్దాసుపత్రి బయటైనా చూడవచ్చు. దూరం నుంచి వచ్చినవాళ్ళకి ఎవరూ దొరకనప్పుడు, బయట తిరిగే ఎవరికో డబ్బిచ్చి తమ్ముడని చెప్పి తెస్తారు. అలా నిషేధించిన పాత వ్యాపారం దొడ్డిదారిన లోపలికి వస్తుంది. నా ఉద్దేశంలో రీప్లేస్‌మెంట్ చేసే చెరుపు కుటుంబాలకి కలిగే ఇబ్బందితో ఆగదు. ఇచ్చినదాన్ని అప్పుగా, తీసుకున్నదాన్ని బాకీగా చూడడం జనానికి నేర్పుతుంది. దానం అనే మాటకి ఆ లెక్కలో చోటే లేదు.

అందుకే కోపాన్ని చల్లార్చే పని నేను పెట్టుకోలేదు. ఆ కోపం చేరవలసిన చోటుకి చేర్చమన్నాను. జరిగినదంతా తారీఖులతో సహా సంబంధిత అధికారులకి ఫిర్యాదు రాశారు, రెండు పేజీలు, ముత్యాల్లాంటి అక్షరాలతో. రాశాక ఆయనలో కొంత కదలిక చూశాను. కోపానికి దారి దొరికితే, అది ఇవ్వాలన్న మనసు మీద పడి దాన్ని కాల్చదు. కౌన్సెలర్లు చాలామంది ఇక్కడే తొందరపడి, క్షమించేయండి, మర్చిపోండి అంటారు. న్యాయమైన కోపాన్ని మింగేసిన మనిషి మనస్ఫూర్తిగా ఇవ్వగలడని నేను నమ్మను.

మూడో విషయం, హామీ. దీని మీద మా మాటలు చాలా దూరం వెళ్ళాయి. ఆయనే అడిగారు: “ఏమీ ఇవ్వకపోతే జనం ఎందుకొస్తారమ్మా? హెల్మెట్ ఇస్తామంటే క్యూ కడతారు.”

దీని మీద లోకంలో చర్చ చాలాకాలంగా ఉంది. రక్తానికి డబ్బు కడితే ఇవ్వాలన్న గుణమే తగ్గిపోతుందని, రక్తం నాణ్యతా పడిపోతుందని రిచర్డ్ టిట్మస్ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త 1970లో బ్రిటన్‌నీ అమెరికానీ పోల్చి వాదించాడు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో దాన్ని పరీక్షించి 2008లో ప్రచురించారు. దాతలుగా చేరే ముందు చేసే ఆరోగ్య పరీక్షకి, ప్రతిఫలం ఏమీ ఉండదన్నప్పుడు ఆడవాళ్ళలో నూటికి 52 మంది ఒప్పుకున్నారు. డబ్బిస్తామనగానే 30కి పడిపోయింది. ఆ డబ్బుని సేవా సంస్థకి ఇచ్చేయవచ్చు అన్నప్పుడు మళ్ళీ పాత స్థాయికి వచ్చింది. మగవాళ్ళలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తర్వాత అసలు క్యాంపుల్లోనే జరిగిన పరిశోధనలు చాలావరకు, చిన్న బహుమతులు పెడితే దాతలు పెరుగుతారని, రక్తం భద్రతకి నష్టం లేదని చూపాయి. కాబట్టి గోడ గడియారం ఇచ్చినంత మాత్రాన దాత చెడిపోతాడని నేను అనను. నాకు తేడా వేరేచోట కనిపిస్తుంది. ఇచ్చాక చేతిలో పెట్టే కానుక కృతజ్ఞత. ఇవ్వకముందే, నీకు రేపు ఇది వస్తుందని రాసిచ్చేది ఒప్పందం. మొదటిది లేకపోయినా దాత నొచ్చుకోడు. రెండోది తప్పితే మోసపోయానంటాడు.

ఈ మాటల మధ్యలో తలసీమియా పిల్లల, అంటే ఒంట్లో సరిపడా రక్తం తయారవని పుట్టుజబ్బు ఉన్న పిల్లల ప్రస్తావన వచ్చింది. వార్డుకి తీసుకెళ్ళి పిల్లల్ని చూపిస్తే మాస్టారి మనసు కరిగేదేమో. కావాలనే చూపించలేదు. దాతకి కన్నీళ్ళు తెప్పించడానికి ఒక బిడ్డ ముఖాన్ని వాడుకోవడం నాకు సమ్మతం కాదు. ఎవరి రక్తం ఎవరికి వెళ్ళిందో చెప్పకపోవడమే మా పద్ధతి. తీసుకున్న బిడ్డ ఎవరికీ రుణపడినట్టు పెరగకూడదు, ఇచ్చిన మనిషి ఎవరి మీదా హక్కు పెంచుకోకూడదు. ఈ రెంటినీ కాపాడేది ఆ మరుగే.

అందుకని లెక్క చెప్పాను. తలసీమియా మేజర్ ఉన్న బిడ్డకి రెండు నుంచి ఐదు వారాలకొకసారి ఎర్రకణాలు ఎక్కించాలి, జీవితాంతం. మాస్టారు నా టేబుల్ మీదున్న కాగితం లాక్కుని వేశారు. మూడు వారాలకొక యూనిట్ అనుకుంటే ఏడాదికి పదిహేడుకి పైనే. ఒక మగ దాత ఎంత ఇచ్చినా ఏడాదికి నాలుగు. ఒక్క బిడ్డకి కనీసం ఐదుగురు కావాలి, ఏటేటా, ఎవరూ మానకుండా. బిడ్డ పెరిగితే రెండేసి యూనిట్లు. ఆ ఇంట్లో ఎంతమంది బంధువులుంటే రీప్లేస్‌మెంట్ ఇచ్చి నెగ్గుకొస్తారు? అందుకే ఇలాంటి పిల్లలకి డోనర్లని అడగకుండా, ఉచితంగా రక్తం ఇవ్వాలన్న ఆదేశాలున్నాయి. ఆ ఆదేశం అమలు కావాలంటే ఫ్రిజ్‌లో బ్యాగులుండాలి. ఆ బ్యాగులు, తిరిగి ఏమీ రాదని తెలిసి ఇచ్చినవాళ్ళవే అయ్యుండాలి. ఆ బిడ్డ దగ్గర తిరిగివ్వడానికి ఏమీ లేదు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ రోజు ఇంకేమీ మాట్లాడుకోలేదు.

హిమోగ్లోబిన్ 12.1

అక్టోబరు 1, జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం. మాస్టారు ఎవరూ పిలవకుండా వచ్చారు. ఫారం నింపారు, బరువు చూశారు, వేలి నుంచి చుక్క తీశారు. 12.1. ఇవ్వాలంటే కనీసం 12.5 ఉండాలి. డాక్టరుగారు ఈసారికి వద్దన్నారు.

ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడ. అన్ని నెలల మథనం తర్వాత, ఇవ్వడానికి మనసు సిద్ధమై వచ్చిన మనిషిని వద్దని పంపుతున్నాం. ఆయన బయట బెంచీ మీద కూర్చుని, “అయితే ఇక నేనెందుకూ పనికిరానా?” అన్నారు. ఏ దాత నోట విన్నా నేను తేలిగ్గా తీసుకోని ప్రశ్న ఇది. ఇవ్వడం వల్లే తన విలువ అనుకునే మనిషి, ఇవ్వలేని రోజున కూలిపోతాడు. అలాంటి దానంలో కూడా ఒక ఎదురుచూపు ఉంటుంది. అది అవతలి మనిషి నుంచి కాదు, తన నుంచి తనకే. మాట్లాడుతుంటే బయటపడింది: దానాల లెక్కలో యాభైకి దగ్గరలో ఉన్నారు. యాభై నిండితే వేదిక మీద శాలువా కప్పుతారు. దాని కోసం ఇస్తున్నారని కాదు, కానీ ఆ అంకె మనసులో ఉంది. ఆస్ట్రేలియాలో ఒకాయన 1173 సార్లు ఇచ్చాడట, నేను యాభై కూడా చేయలేనా అన్నారు.

జేమ్స్ హారిసన్ సంగతి అది. పద్నాలుగేళ్ళప్పుడు ఛాతీ ఆపరేషన్‌లో అపరిచితుల రక్తంతో బతికి, వయసు రాగానే ఇవ్వడం మొదలుపెట్టి, 81 ఏళ్ళకి నిబంధనలు ఒప్పుకోక 2018లో ఆపిన మనిషి. ఆయన ప్లాస్మాలోని (రక్తంలోని ద్రవభాగం) అరుదైన యాంటీబాడీతో, తల్లీబిడ్డల ఆర్‌హెచ్ గ్రూపులు పడక వచ్చే జబ్బుకి మందు తయారుచేసేవారు. 2025లో మరణించాడు. అయితే ఆయన ఇచ్చింది ఎక్కువగా ప్లాస్మా. ఎర్రకణాలు మళ్ళీ శరీరంలోకే వెళ్ళిపోతాయి, ఐరన్ పోదు, అందుకే రెండు వారాలకోసారి ఇవ్వడం సాధ్యమైంది. మాస్టారు ఇచ్చేది పూర్తి రక్తం. 450 మిల్లీలీటర్ల బ్యాగు ఒక్కోటీ 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ తీసుకుపోతుంది. మనం తినేదాంట్లోంచి ఒంటికి పట్టేది రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములే. 90 రోజుల నిబంధన హిమోగ్లోబిన్ తేరుకోవడానికి చాలావరకు సరిపోతుంది, నిల్వ ఐరన్ నిండడానికి చాలామందికి సరిపోదు. ఏళ్ళ తరబడి నిల్వలోంచి తీస్తూ వచ్చారు, అంతే.

అయినా ఆ వయసు మగమనిషిలో రక్తం తగ్గితే దానాల వల్లే అని వదిలేయకూడదు. కడుపులో, పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలి. ఫిజీషియన్ దగ్గరికి పంపాం. పరీక్షల్లో అలాంటిదేమీ లేదు, ఒంట్లో ఐరన్ నిల్వని చూపే ఫెరిటిన్ మాత్రం బాగా తక్కువ. ఐరన్ మాత్రలు రాశారు. ఇకమీదట ఏడాదికి రెండుసార్లకి మించవద్దన్నారు. ఆ నెలల్లో ఆయన చెప్పిన నీరసం, చిరాకుల్లో కొంత భాగం దీనిది కూడా అయ్యుండవచ్చని నా అనుమానం. మనసు గాయాన్నే వెతికే మాలాంటివాళ్ళు ఒంటిని మరవకూడదు.

ఇవ్వలేని ఆ ఎనిమిది నెలలే ఆయనలో అసలు మార్పు తెచ్చాయని నా అభిప్రాయం. రిజిస్టర్ చూసి దాతలకి ఫోన్లు చేసే పని అడిగి తీసుకున్నారు. పాత విద్యార్థులకి, తోటి మాస్టర్లకి, ఎవరికీ ఉపన్యాసం చెప్పకుండా, “ఒంట్లో బాగుందా? నిద్ర పడుతోందా?” అని మొదలుపెట్టి, అవతలివాళ్ళు ఈసారి కుదరదంటే కారణం అడగకుండా సరేనంటారు. కారణం అడక్కపోవడం ఆయన మా వాలంటీర్లకి నేర్పినది. వద్దనే స్వేచ్ఛ ఉన్నప్పుడే సరే అన్న మాటకి విలువ.

కేంద్రంలో మార్చినవి

ఈ కేసు తర్వాత మా దగ్గర కొన్ని మారాయి. దాత కార్డు మీద తిరిగి ఇస్తామన్న అర్థం వచ్చే మాట ఏదీ లేకుండా చూశాం. గ్రూపు, తారీఖు, తర్వాత ఎప్పుడు ఇవ్వవచ్చు, అంతవరకే. తరచుగా ఇచ్చేవాళ్ళకి ఐరన్ గురించి చెప్పడం, వీలైతే ఫెరిటిన్ చూపించుకోమనడం మొదలుపెట్టాం.

అన్నింటికంటే పనిచేసింది ఒక చిన్న సందేశం. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో దాత ఇచ్చిన రక్తం వాడినప్పుడు ఆ దాత ఫోన్‌కి కబురు పంపుతారు. మేమూ అదే చేశాం. పేరుండదు, ఆసుపత్రి ఉండదు. మీరిచ్చిన రక్తం ఈ రోజు ఒకరికి ఎక్కించాం, అంతే. దీని మీద మా సిబ్బందిలోనే వాదన జరిగింది. ఏమీ ఆశించవద్దంటూ మళ్ళీ ఈ కబురెందుకు, ఇదీ ఒక ప్రతిఫలమే కదా అన్నారు. నేను ఒప్పుకోను. ఇచ్చింది వృథా పోలేదని తెలుసుకోవాలనుకోవడం ప్రతిఫలం కోరడం కాదు. దానికి బాకీ లేదు, అవతలి మనిషి మీద బరువు లేదు. ఆ సంతోషాన్ని కూడా దాతకి దక్కనివ్వని దానం గొప్పదని నేననుకోను. మనుషులు ఎండిపోతారు.

ఒకటి మాత్రం అనుకున్నట్టు జరగలేదు. తన బడి క్యాంపులో బహుమతులు వద్దని మాస్టారు పట్టుబట్టారు. ఆ ఏడాది వచ్చినవాళ్ళు బాగా తగ్గారు, అనుకున్నదాంట్లో సగం బెడ్లు ఖాళీగా ఉన్నాయి. మాస్టారు నొచ్చుకోలేదు. నాకు మాత్రం ఫ్రిజ్ కనిపిస్తుంది. వేసవిలో కాలేజీలు మూసేసినప్పుడు స్టాకు పడిపోతుంది, ఆ నెలల్లో సిద్ధాంతం పట్టుకుని కూర్చోలేం. వచ్చే క్యాంపుకి అందరికీ ఒకే చిన్న జ్ఞాపిక, అదీ ముందుగా ప్రచారం చేయకుండా, ఇచ్చాక చేతిలో పెట్టాలని ఇద్దరం ఒక మాట మీదకి వచ్చాం.

ప్రస్తుత స్థితి

అమ్మగారు చేతికర్రతో నడుస్తున్నారు. బావగారితో మాస్టారికి మాటల్లేవు, దాని మీద పనిచేయాలని ఆయన కోరలేదు, నేను కదపలేదు. ఫిర్యాదుకి ఇంతవరకు జవాబు రాలేదు. మళ్ళీ గుర్తు చేస్తూ ఇంకో ఉత్తరం రాశారు.

చివరి పరీక్షలో హిమోగ్లోబిన్ 13.8. ఒకసారి ఇచ్చారు. పదకొండు రోజులకి సందేశం వెళ్ళింది. ఆయన దాన్ని నాకు చూపించలేదు. ఎవరికో ఫోన్ చేస్తూ మాటల్లో అన్నారు: “నిన్న నాది వాడారట, మరి మీరెప్పుడు?” కార్డుల ఫోల్డర్ ఇంకా నా బీరువాలోనే ఉంది. కావాలా అని అడిగితే, కాగితం వృథా కాకుండా ఏమన్నా చేయమన్నారు. యాభై సంగతి తానుగా ఎత్తలేదు. సన్మానాల జాబితా తయారుచేసేటప్పుడు పేరు పంపమంటారా అంటే, ఫోన్లు చేసే కుర్రాళ్ళ పేర్లు పంపమన్నారు.

తర్వాతి దానం జనవరి దాటాకే. అప్పుడు ఫెరిటిన్ మళ్ళీ చూసి, డాక్టరుగారు సరేనంటేనే తీసుకుంటాం. లేదంటే ఇంకో మూడు నెలలు ఆగుతాం. ఈ మాట ముందే చెప్పి ఉంచాను, సరేనన్నారు.